రోస్కోని మోసిన సీజను

మైదానం మధ్యలో నిలబడి, నోట్లోంచి పళ్ళ తొడుగు తీసి, "ఒరే వెన్, మా నాన్న ఏ వరసలో కూర్చున్నాడ్రా? ఎంత వెతికినా కనిపించట్లేదు" అన్నాడు రోస్కో బీల్. నవ్వు మొహంతోనే అన్నాడు. వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ శవపేటికకి భుజం పట్టినవాళ్ళలో వెండెల్ స్లామా కూడా ఉన్నాడు.

 అంతకు ముందు ఎత్తులోనే రోస్కో, అవతలి జట్టువాడు తలా తలా ఢీకొన్నారు. ఆ చప్పుడు వెండెల్ పక్కనే ఉండి విన్నాడు. రోజూ వినే చప్పుడే, దానికెవడు భయపడతాడు? ఇప్పుడు మాత్రం అది చెవిలో మళ్ళీ మోగింది. ఈలోగా క్వార్టర్‌బ్యాక్ ట్రిప్ కాలవే తర్వాతి ఎత్తు చెప్పేశాడు. అందరూ ఒక్క చప్పట కొట్టి విడిపోయారు. ఆలోచించే తీరిక లేదు.

"చివరి వరసలో ఉన్నాడు లేరా," అన్నాడు వెండెల్. "నువ్వు నా పక్కన నిలబడు. తొడ మీద కొడతా. ఎటు కొడితే అటు దూకు. ఇంకేం ఆలోచించకు."

"సరే," అన్నాడు రోస్కో, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా.

వెండెల్ ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సెంటర్. నేల మీదున్న బంతిని కాళ్ళ సందులోంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కి అందించేవాడు. అతను బంతి కదిపితేనే మైదానం కదులుతుంది, లేకపోతే లేదు. అతని ఎడమ భుజాన్ని ఆనుకుని నిలబడే గార్డ్ రోస్కో. ఇద్దరి పనీ ఒకటే, ఎదురుగా దున్నపోతుల్లా వచ్చేవాళ్ళని గుద్ది ఆపడం. బంతి పట్టుకుని పరిగెత్తేది వేరేవాళ్ళు, పేపర్లో ఫోటో పడేది వేరేవాళ్ళకి. ముందు వరస ఐదుగురి పేర్లూ వాళ్ళ వాళ్ళ అమ్మలకి తెలుసు, అంతే.

ఆ ముందు వరసకి ఒక ఆచారం ఉంది. ఎవడు మొదలుపెట్టాడో ఎవరికీ తెలియదు. దాన్ని వాళ్ళు 'మోయడం' అంటారు. దెబ్బకి ఒకడి తల అదిరి, కళ్ళు బైర్లు కమ్మి, ఎత్తులు గుర్తు రాకుండా పోయాయనుకోండి, పక్కవాడు వాణ్ణి మోస్తాడు. భుజానెత్తుకుని కాదు. తొడ మీద కొట్టి దారి చెబుతాడు. తూలితే చొక్కా పట్టుకుని నిలబెడతాడు. జట్టు ఫిజియో ఇటు చూస్తే అడ్డంగా నిలబడతాడు. తల దెబ్బ తగిలినవాడికి ఆవిడ కొన్ని మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అప్పజెప్పమంటుంది కదా, ఆ మాటలన్నీ ముందే బట్టీ పట్టించి పంపిస్తాడు. పై క్లాసు వాళ్ళు కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే మొదటి పాఠం ఇదే. "మన వరసలోంచి ఎవడూ బయటికి పోడు" అని కాలర్ ఎగరేసి మరీ చెప్పుకుంటారు. ఆహా, ఏం గొప్పండీ! నెబ్రాస్కా రాష్ట్రం మొత్తం గాలించినా ఇంతకంటే తెలివితక్కువ గొప్ప దొరకదు. కానీ ఆ వయసులో దాన్ని ప్రేమ అనుకుంటారు. ప్రేమ కాదని కొట్టిపారేయడానికీ లేదు, అదే చిక్కు.

ఆ రోజు గెలిచారు. లాకర్ గదిలో రోస్కో చొక్కా విప్పబోయి, సగంలో మర్చిపోయి, తల లోపలే ఉంచుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు. వెండెల్ వెళ్ళి లాగి తీశాడు. కుడి గార్డ్ బక్ ఆస్మస్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మోశావా?" అని అడిగాడు.

"మోశాను."

"శభాష్‌రా!" అని వీపు మీద ఒక్కటి చరిచాడు బక్. తక్కిన వాళ్ళూ వచ్చి చరిచారు. ఆ చరుపులకి వెండెల్ ఉబ్బిపోవాలి నిజానికి. ఉబ్బలేదు. భయమేసింది. మా నాన్న ఎక్కడ అన్న ఆ మాట వాళ్ళెవరికీ అతను చెప్పలేదు.

అప్పటికింకా సెప్టెంబరు. కోల్డ్ క్రీక్ కాలేజీ జట్టు పేరు కంచర గాడిదలు. పేరుకి తగ్గట్టే ఏళ్ళ తరబడి తన్నులు తింటూ వచ్చింది. అలాంటిది ఆ ఏడు ఏ గాలి సోకిందో గెలవడం మొదలుపెట్టింది. ఒకటి గెలిచారు, రెండు గెలిచారు, ఆగలేదు. మొక్కజొన్న కోతలు ఆపుకుని రైతులు ఆటకి వచ్చారు. టోపీల మీద దుమ్ము దులుపుకోకుండానే వచ్చారు. మంగలి కొట్టులో, పెట్రోలు బంకులో, చర్చి మెట్ల మీద ఒకటే మాట. ఈసారి ప్లేఆఫ్‌లకి వెళ్తాం, ఈసారి వదలం. ఎప్పుడూ కుర్రాళ్ళ మొహం చూడని ముసలాళ్ళు కూడా వెండెల్‌ని దారిలో ఆపి, "ఏరా స్లామా, ముందు వరస గట్టిగా ఉందా?" అని అడిగేవారు.

"ఉందండీ," అనేవాడు వెండెల్.

గట్టిగా ఏం లేదు. రోస్కో రోజురోజుకీ పాడైపోతున్నాడు. క్లాసులో నల్లద్దాలు పెట్టుకు కూర్చునేవాడు, వెలుగు పడట్లేదని. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి కంచం తోసేసి ఎదుటివాడి మీదకి లేచేవాడు. లేచాక ఎందుకు లేచాడో తెలియక బిక్కమొహం వేసేవాడు. ఒకరోజు పొద్దున వెండెల్‌కి ఫోన్ చేశాడు. వెనక గాలి హోరు వినిపిస్తోంది.

"ఒరే, ఒకటడుగుతా, నవ్వకూడదు."

"అడుగు."

"నేనెక్కడికి బయల్దేరాన్రా?"

 "ఎక్కడున్నావు ఇప్పుడు?"

"ట్రక్కులో. చుట్టూ మొక్కజొన్నే. కోసేశారు కొంత."

వెండెల్ వెళ్ళి వెతికి తీసుకొచ్చాడు. దారంతా రోస్కో పడీపడీ నవ్వాడు, నిద్ర చాలట్లేదురా అంటూ. వెండెల్ కూడా నవ్వాడు. స్టీరింగ్ మాత్రం వాడి చేతికి ఇవ్వలేదు.

సెప్టెంబరులో ఒక్క ఆట మోశాడు. అక్టోబరు సగానికొచ్చేసరికి ప్రతి ఆటా మొయ్యాల్సి వస్తోంది. ఎడమ చేత్తో తొడ మీద కొట్టడం, కుడి చేత్తో బంతి వెనక్కి ఇవ్వడం. బంతి చెయ్యి దాటిన మరుక్షణం పక్కనుంచి హెల్మెట్లు గుద్దుకున్న చప్పుడు. ఆ చప్పుడు వినగానే వెండెల్ పక్కకి తిరిగి చూసేవాడు. వీడు లేస్తాడా, లేవడా? లేచేవాడు. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ బంతి. పరాయి ఊరి ఆటలకి బస్సులో వెళ్ళేటప్పుడు రోస్కో కిటికీకి తల ఆనించి నిద్రపోతే, వెండెల్ వాడి ఛాతీ వంక చూస్తూ కూర్చునేవాడు. పైకి లేస్తోందా లేదా అని. ఇదేం ఖర్మరా దేవుడా అనుకునేవాడు. ఎవరితో అంటాడు?

ఒకసారి వాడితోనే అన్నాడు. జిమ్ వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నప్పుడు.

"ఒరే, ఫిజియో లొరేటా మేడమ్‌కి చెబుదాంరా. రెండు వారాలు కూర్చోబెడుతుంది, అంతే కదా. మళ్ళీ ఆడుదువుగాని."

రోస్కో తల తిప్పకుండా, "రెండు వారాలు కాదు. ఇంక ఆడనివ్వదు. నాకు తెలుసు" అన్నాడు.

"పోనీ ఆడకపోతే ఏమైపోతుంది?"

"నీకేరా, నువ్వు లాయరు చదువుకి పోతావు. నవంబరు దాటితే నాకేముంది? ఆవులు, కంచెలు, మా మావయ్య తిట్లు. చచ్చేదాకా అదే. ఈ బట్టలు మళ్ళీ జన్మలో వేసుకోను. ఈ నాలుగు ఆటలే నావి." అప్పుడు తిరిగి చూశాడు. వాడి కళ్ళు బాగానే ఉన్నాయి ఆ క్షణంలో, పూర్తిగా వాడే. "చెప్పావనుకో, నాకు నువ్వు లేవు, నీకు నేను లేను. ఒట్టు. మా నాన్న మీద ఒట్టు."

వెండెల్ నోరు మూసుకున్నాడు. ఆరో క్లాసు నుంచీ వాడు తప్ప వేరే స్నేహితుడు లేనివాడు ఏం చేస్తాడు?

అయినా మర్నాడు ధైర్యం కూడగట్టుకుని ఫిజియో గదికి వెళ్ళాడు. లొరేటా ఇంగ్రామ్ పొట్టి మనిషి, నోరు మాత్రం పెద్దది. "ఏంటి స్లామా, గుమ్మానికి తోరణంలా వేలాడుతున్నావ్? లోపలికి తగలడు," అంది. లోపలికి తగలడ్డాడు. మూలన బల్ల మీద బక్ ఆస్మస్ మోకాలికి ఐసు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. వెండెల్‌ని చూసి తల కొంచెం పైకెత్తాడు.  చూశాడంతే.

"చీలమండ నొప్పిగా ఉంది మేడమ్," అన్నాడు వెండెల్.

"ఏ కాలు?"

వెండెల్ ఆలోచించాడు. "ఎడమది."

లొరేటా కూర్చోబెట్టి నొక్కి చూసింది. "ఇక్కడా?"

"ఊఁ."

"ఇక్కడ?"

"ఊఁ."

"ఎక్కడ నొక్కినా నొప్పేనా? పెళ్ళికూతురి కాలనుకున్నావా?" అని తెల్ల టేపు తీసి గట్టిగా చుట్టింది. చుట్టడం అయ్యాక కూడా కాలు వదల్లేదు. అతని మొహంలోకి చూస్తూ, "ఇంకేమైనా ఉందా బాబూ చెప్పడానికి?" అని మెల్లగా అడిగింది.

అదిగో, అప్పుడు చెప్పి ఉండాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. బక్ గొంతు సవరించుకున్నాడు. "లేదు మేడమ్," అన్నాడు వెండెల్. ఆ రోజు నుంచి దివ్యంగా ఉన్న కాలికి రోజూ టేపు చుట్టించుకోక తప్పలేదు.

శుక్రవారం సాయంత్రాలు మెథడిస్టు చర్చి కింది గదిలో జట్టుకి భోజనాలు. మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన చిల్లీ కూర, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్స్. అమ్మలే వండి వడ్డిస్తారు. రోస్కో వాళ్ళమ్మ డార్లీన్ ప్రతి వారం ఇసుక దిబ్బల అవతలి నుంచి గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చేది. ఆ వారం వెండెల్ కంచంలో వడ్డిస్తూ పక్కన కూర్చుంది.

"వాడి పక్కన నువ్వున్నావనే నా ధైర్యం నాన్నా," అంది. "ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడు. ఏమైనా ఉందా? నా దగ్గర దాచకు."

వెండెల్ ఆవిడ చేతులకేసి చూశాడు. కంచె తీగలు గీరుకుపోయిన చేతులు, మొగుడు పోయాక పశువుల పనంతా నెత్తినేసుకున్న చేతులు. ఆవిడకి మిగిలింది ఆ ఒక్క కొడుకే.

"చదువు ఎక్కువైందమ్మా. పరీక్షలున్నాయి," అన్నాడు.

ఆవిడ నమ్మింది. ఇంకో రోల్ తెచ్చి కంచంలో పెట్టింది. వెండెల్ దాన్ని ముట్టుకోలేదు.

ఆఖరి ఆట సొంత ఊళ్ళోనే. గెలిస్తే ప్లేఆఫ్‌లు, ఓడితే సీజను అయిపోయినట్టు. పొద్దుటి నుంచీ ఈదురుగాలి. ధాన్యం గోదాముల మీదుగా వచ్చి మొహం కోసేస్తోంది. ముందు వరస ఐదుగురూ మామూలుగానే చేతులకి తొడుగులు లేకుండా వచ్చారు, చలికి లొంగలేదని చూపించాలి కదా.  ఈ ఒక్కటి, ఈ ఒక్కటీ దాటించు స్వామీ, ఇంకేమీ అడగను అని వెండెల్ హెల్మెట్ లోపల గొణుక్కుంటూనే ఉన్నాడు. ఇంకో ఆట ఉండకూడదని, అంటే తన జట్టే ఓడిపోవాలని మొక్కుకుంటున్నట్టు అతనికి కాసేపటికి గానీ అర్థం కాలేదు. సిగ్గేసింది. అయినా మొక్కడం మానలేదు.

చివరి నిమిషాలు. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. బంతి వీళ్ళ చేతిలోనే ఉంది. దాటించాల్సిన గోల్ గీత దగ్గర్లోనే ఉంది. ఆట ఆపించుకునే టైమవుట్లు అన్నీ కోచ్ హాగర్టీ ఎప్పుడో వాడేశాడు. అప్పుడు ఒక ఎత్తులో అందరూ కుప్పగా పడినప్పుడు ఎవడిదో మోకాలు వచ్చి రోస్కో హెల్మెట్‌కి తగిలింది. రోస్కో రెండు చేతుల మీద పడ్డాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తనంతట తనే లేచాడు. నడుచుకుంటూ వెళ్ళి అవతలి జట్టు గుంపులో చేరి, వాళ్ళతో పాటే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు.

అవతలివాళ్ళు విరగబడి నవ్వారు. "ఏమ్మా కంచర గాడిదా, మా కొట్టంలోకి వచ్చేస్తావా? గడ్డి పెడతాం రా!"

బక్ పరుగున వెళ్ళి రోస్కోని చొక్కా పట్టుకు లాక్కొచ్చి వెండెల్ మీదకి తోశాడు. "మొయ్యరా వెన్! ఇంక రెండంటే రెండు ఎత్తులు. మొయ్యి!"

రోస్కో వెండెల్ మొహంలోకి చూశాడు. ఆరో క్లాసు నుంచీ చూస్తున్న మొహంలోకి. మర్యాదగా, పరాయి ఊళ్ళో బస్టాండు దారి అడిగేవాడిలా, "ఏమండీ, నన్నెక్కడ నిలబడమంటారు?" అన్నాడు.

 వెండెల్ వాడి హెల్మెట్ కమ్మీలు పట్టుకుని దగ్గరికి లాగి చూశాడు. ఒక కంటిపాప ఆవగింజంత ఉంది. రెండోది విచ్చుకుని కన్నంతా నల్లగా ఉంది.

"ఇక్కడ," అన్నాడు వెండెల్. అలవాటు కొద్దీ నోరే అనేసింది. రోస్కో బుద్ధిగా వచ్చి ఎడమ పక్కన వంగాడు. వెండెల్ కూడా వంగి బంతి మీద చెయ్యి వేశాడు. జనం కూర్చునే మెట్ల చెక్కల్ని కాళ్ళతో దడదడలాడిస్తున్నారు. వెనక ట్రిప్ కేక పెట్టాడు. ఇప్పుడు ఎడమ చేత్తో తొడ మీద కొట్టాలి, కుడి చేత్తో బంతి ఇవ్వాలి. సీజనంతా చేసిన పనే. వాడు దూకుతాడు. ఎదుటివాడు దూకుతాడు. ఆ చప్పుడు వస్తుంది. ఈసారి వాడు లేవడు. వెండెల్‌కి అది చేతిలో బంతి తెలిసినంత స్పష్టంగా తెలిసింది.

బంతి కదపలేదు.

"స్లామా! బంతి!" అన్నాడు ట్రిప్. మళ్ళీ కేక పెట్టాడు. ఎదురుగా ఉన్నవాడు, "ఏంట్రా, గుడ్డు పొదుగుతున్నావా?" అని పళ్ళికిలించాడు. బంతి కదపాల్సిన గడువు అయిపోయింది. రిఫరీ పసుపు జెండా విసిరి జరిమానాగా జట్టుని ఐదు గజాలు వెనక్కి నెట్టాడు. కోచ్ హాగర్టీ టోపీ నేలకేసి కొట్టి బూతులు లంకించుకున్నాడు. బక్ వచ్చి వెండెల్ హెల్మెట్ మీద గుద్ది, "మతిపోయిందా నీకు?" అన్నాడు. వెండెల్ ఏదో చెప్పబోయాడు.  ఎన్ని వారాలుగా దాచిన నిజం అది, ఒక్కసారిగా ఎలా వస్తుంది బయటికి?

మళ్ళీ వరస కట్టారు. రోస్కో ఈసారి చెప్పకుండానే వచ్చి పక్కన నిలబడ్డాడు. మెడ పక్కకి వాలిపోతోంది. నోటి చివర్నుంచి చొంగ కారుతోంది. ట్రిప్ కేక పెట్టాడు. జనం కేక పెట్టారు.

వెండెల్ లేచి నిలబడ్డాడు. బంతిని రెండు చేతులా గుండెలకి హత్తుకుని, మైదానం మీంచి నడుచుకుంటూ బయటి గీత వైపు వెళ్ళాడు. ఒక సెంటర్ బంతిని ఎత్తుకుపోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎన్నడూ చూడలేదు. రిఫరీలు ఈలలు ఊదారు. వేలమంది తిడుతున్నారు.  వెనక్కి లాక్కుపోతారేమో అన్న భయంతో చివర్లో పరుగెత్తాడు. లొరేటా ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్, రోస్కో తల బాగాలేదు. ఇప్పుడు కాదు, సెప్టెంబరు నుంచి బాగాలేదు. నేనే మోస్తున్నా. నేనే దాచా. వాడికి నేనెవరో తెలీటం లేదు మేడమ్!"

ఆవిడ చివరిదాకా వినలేదు. అప్పటికే పరిగెడుతోంది. రోస్కో ఆవిణ్ణి చూసి చేతులు అడ్డం పెట్టాడు, "నాకేం కాలేదండీ, బాగానే ఉన్నాను" అంటూ. అంటూనే మోకాళ్ళ మీద కూలి, ఆ పొట్టి మనిషి ఒళ్ళోకి ఒరిగిపోయాడు. జనం నోళ్ళు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో ప్రేక్షకుల ముందున్న కంచె ఎక్కి దూకుతూ డార్లీన్ అరిచిన అరుపొకటే వినిపించింది.

కోల్డ్ క్రీక్ ఓడిపోయింది. ఆ సంగతి వెండెల్‌కి లొరేటా కారు రేడియోలో తెలిసింది, అంబులెన్సు వెనకే పెద్దాసుపత్రికి వెళ్తుంటే. ఒక్క ముక్క కూడా పట్టించుకోలేదు. ఆవిడా పట్టించుకోలేదు. "ఆ రోజు చీలమండ అన్నావు," అని మాత్రం అంది.  తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వెండెల్‌కి.

పుర్రె లోపల రక్తం చేరింది. ఎక్కువ కాదు, ఇప్పటికి. డాక్టరమ్మ డార్లీన్‌ని కూర్చోబెట్టి చెప్పింది. "రక్తం పెరగకపోతే కొయ్యక్కర్లేదు. తెల్లారి మళ్ళీ స్కాన్ తీస్తాం. ఈలోగా చెప్పిన మాట వాడి తలలో నిలుస్తోందా లేదా గమనిస్తూ ఉండండి. నిలవడం మొదలుపెడితే మంచి సూచన. నిలవకపోతే..." 

భుజాల మీద ఇంకా ఆటకి తొడుక్కున్న డొప్పలతోనే, బూటు మేకులు నేల మీద టకటకలాడిస్తూ వెండెల్ వెళ్ళి డార్లీన్ ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఆ రోజు మీరడిగితే అబద్ధం చెప్పాను."

 "నీతో మాట్లాడే ఓపిక నాకిప్పుడు లేదు," అంది డార్లీన్. "అలాగని వెళ్ళిపోకు. వాడు నీ పేరే కలవరిస్తున్నాడు."

గదిలోకి వెళ్ళేసరికి రోస్కో కళ్ళు విప్పి ఉన్నాడు. చూడగానే మొహం వెలిగిపోయింది. "ఒరే వెన్, వచ్చావా! నన్ను బయటికి లాగేయించింది ఎవడ్రా? బక్ గాడేనా?"

పేరు పలికాడు. వెండెల్‌కి ఏడుపొచ్చింది. ఇంకో అబద్ధం చెప్పడం అతని వల్ల కాలేదు. "నేనేరా. నేనే చెప్పాను."

ఆ వెలుగు ఆరిపోయింది.  "నువ్వా? ఒట్టు పెట్టా కదరా నీకు. మా నాన్న మీద పెట్టా. నువ్వా?" దిండు మీద తల అటూ ఇటూ తిప్పి, గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు కారాయి. అవి ఇంకా తడారకముందే మెల్లగా తిరిగాడు. మొహం మళ్ళీ వెలిగింది. "ఒరే వెన్, వచ్చావా! నన్ను బయటికి లాగేయించింది ఎవడ్రా?"

 డార్లీన్ మంచం కమ్మీ పట్టుకుంది.

"నేనేరా," అన్నాడు.

ప్రతిసారీ అదే. ముందు ఆ ప్రేమ, ఆ తర్వాత ప్రశ్న, ఆ తర్వాత వాడి మొహం ముక్కలైపోవడం. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టొచ్చు కదా అంది నర్సు, జాలిపడి. వెండెల్ తల అడ్డంగా ఊపాడు. అడిగిన ప్రతిసారీ చెప్పాడు. మధ్యమధ్య రోస్కో కునుకు తీస్తే ఇంకా భయం, లేచాక ఆ ప్రశ్న కూడా గుర్తుండదేమో, తననీ గుర్తుపట్టడేమో అని. అడగాలనీ ఉంది, అడగకూడదనీ ఉంది. బతికుండగా మనిషికి ఇలాంటి కోరిక రాకూడదు.

తెల్లారింది. వాణ్ణి స్కాన్ తీయడానికి తీసుకెళ్ళి, తీసుకొచ్చి పడుకోబెట్టారు. ఆ ఫలితం అడగడానికి డార్లీన్ డాక్టరమ్మ వెనకే బయటికి వెళ్ళింది. కిటికీలోంచి మంచం మీదకి ఎండ పడింది. వెండెల్ వెళ్ళి ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, ఎప్పుడూ చెప్పే జవాబు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాడు. రోస్కో కళ్ళు విప్పాడు. చూశాడు. మొహం వెలగలేదు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు.

వెండెల్ ఒక అడుగు దగ్గరికి వేశాడు.

"ఎన్నిసార్లు చెప్తావురా, నువ్వే చెప్పావని? విన్నాను. ఇంక నీ మొహం నాకు చూపించకు. ఫో." అని అటు తిరిగి పడుకున్నాడు. వెండెల్ కదలకుండా నిలబడ్డాడు. లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు ఆగాడు. ఇదిగో ఇప్పుడు ఇటు తిరుగుతాడు, ఇదిగో ఇప్పుడు నవ్వుతాడు. రోస్కో తిరగలేదు. ఎంతసేపు చూసినా వాడి వీపు అలాగే ఉంది, బిర్రుగా, కోపంగా.

వెండెల్ నడవాలోకి వచ్చి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. అటు చివర్నుంచి డార్లీన్ పరుగులాంటి నడకతో వస్తోంది. అతన్ని నేల మీద చూసేసరికి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"ఏమైంది? రక్తం పెరగలేదన్నారే! మళ్ళీ అడిగాడా?"

"లేదమ్మా. నేను చెప్పానని గుర్తుంది వాడికి. నా మొహం చూడనన్నాడు."

ఆవిడ అతని ఎదురుగా ఆ నేల మీదే కూలబడింది. రెండు చేతులతో అతని మట్టి మొహం పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు," అంది.

"నా మొహం చూడనన్నాడమ్మా," అన్నాడు వెండెల్, వెక్కి వెక్కి ఏడుస్తూ.